పరంగి విడిది - దూరపు మఠం: జాన్ ఫ్రెడరిక్ లూయిస్ సినాయి నీటిరంగుల చిత్రం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంగ్ల చిత్రకారుడు జాన్ ఫ్రెడరిక్ లూయిస్ 1856లో ప్రదర్శించిన సినాయి నీటిరంగుల చిత్రం పందొమ్మిదో శతాబ్దపు ప్రాచ్యదేశ చిత్రాలలో ప్రసిద్ధమైనది. ఎడారి నడుమ ఉన్న సెయింట్ కేథరిన్ మఠం ఈ చిత్రం పేరులో ఉన్నా, చిత్రంలో మాత్రం దూరాననే నిలిచిపోయింది. ముందుభాగాన్ని ఒక ఆంగ్ల ప్రభువు గుడారం ఆక్రమించింది. ఈ అమరికలోని అర్థాన్ని శీర్షిక, కూర్పు, వర్ణవిధానం, రసదృష్టి అనే నాలుగు కోణాల నుంచి పరిశీలించి, మఠ ప్రాంగణాన్ని చూపకపోవడమే ఈ చిత్రానికి కీలకమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ మౌనం ఎంతవరకు గుణమో, ఎక్కడ లోపంగా మారుతుందో కూడా వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: జాన్ ఫ్రెడరిక్ లూయిస్, సినాయి, సెయింట్ కేథరిన్ మఠం, నీటిరంగుల చిత్రం, చిత్రషడంగాలు, ప్రాచ్యవాదం, శాంతరసం.

1. ఉపోద్ఘాతం:

ఈజిప్టు దేశంలోని సినాయి ద్వీపకల్పంలో, రాతికొండల నడుమ లోయలో సెయింట్ కేథరిన్ మఠం ఉంది. బైజాంటిన్ చక్రవర్తి జస్టీనియన్ ఆరో శతాబ్దంలో దీనిని రాతి గోడలతో కోటలా కట్టించాడు. ఆ గోడల లోపల చర్చి, సన్యాసుల గదులు, బావి, గ్రంథాలయంతో పాటు ఫాతిమీల కాలంలో వెలసిన ఒక మసీదు కూడా ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం వరకు యాత్రికులను నేలమీది ద్వారం గుండా రానిచ్చేవారు కారు. గోడ పైభాగంలోని ద్వారం నుంచి తాడు వదిలి, వచ్చినవారిని పైకి లాగేవారు. అంటే బయటివారికి మఠం మొదట ఒక గోడగానే కనిపించేది. ప్రాంగణాన్ని చూడగలగడం లోపలివారి అనుమతిపై ఆధారపడిన విషయం.

ఈ స్థలాన్ని పందొమ్మిదో శతాబ్దంలో అనేకమంది ఐరోపా చిత్రకారులు చిత్రించారు. వారిలో కొందరు గోడ దాటి ప్రాంగణాన్ని చూపారు. లూయిస్ తన అత్యంత శ్రమసాధ్యమైన చిత్రంలో ఆ పని చేయలేదు. లోపల చూడదగినది ఎంతో ఉండగా చిత్రకారుడు బయటే ఆగిపోవడాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది ఇక్కడి ప్రశ్న.

2. చిత్రకారుడు - కాలం:

లూయిస్ (1804-1876) లండన్‌లో చిత్రకారుల కుటుంబంలో పుట్టాడు. తండ్రి ఫ్రెడరిక్ క్రిస్టియన్ లూయిస్ లోహఫలకాలపై చిత్రాలు చెక్కే కళాకారుడు. లూయిస్ తొలిదశలో జంతుచిత్రణలో చేయి తిప్పుకొన్నాడు. తరువాత స్పెయిన్ యాత్ర అతనికి పేరు తెచ్చింది. 1837లో ఇంగ్లండు విడిచి, రోము, గ్రీసు, కాన్‌స్టాంటినోపుల్ మీదుగా 1841లో కైరో చేరాడు. పదేళ్లు అక్కడే స్థానికుల వేషధారణతో కాపురమున్నాడు. 1844లో అతని ఇంటికి వెళ్లిన నవలాకారుడు థాకరే తన యాత్రాగ్రంథంలో అతన్ని ఐరోపా నాగరికత బాధ్యతల నుంచి తప్పించుకొని హాయిగా బతుకుతున్న మనిషిగా పరిహాసంతో చిత్రించాడు.

లూయిస్ 1851లో ఇంగ్లండుకు తిరిగివచ్చాడు. సినాయి చిత్రం నీటిరంగుల చిత్రకారుల సంఘం ప్రదర్శనకు వచ్చింది 1856లో. అప్పటికి అతను ఆ సంఘానికి అధ్యక్షుడు. చిత్రం పేరులోని సంవత్సరం మాత్రం 1842. కనుక ఇది ఎడారిలో కూర్చుని ఒక్కపూటలో వేసిన చిత్రం కాదు. అక్కడ గీసుకున్న రేఖాచిత్రాల ఆధారంగా, ఏళ్ల తరువాత, ఇంగ్లండులో నింపాదిగా నిర్మించినది. స్థలానికీ చిత్రానికీ మధ్య ఉన్న ఈ పద్నాలుగేళ్ల ఎడం కూర్పును అర్థం చేసుకోవడానికి ముఖ్యం. ప్రతి వస్తువూ తన చోట కావాలని ఉంచినదే. ప్రస్తుతం ఈ చిత్రం అమెరికాలోని యేల్ బ్రిటిష్ కళాకేంద్రంలో ఉంది.

3. శీర్షికలో దృక్కోణం:

చిత్రానికి లూయిస్ పెట్టిన పేరు పొడవైనది: 'ఎ ఫ్రాంక్ ఎన్‌క్యాంప్‌మెంట్ ఇన్ ది డెజర్ట్ ఆఫ్ మౌంట్ సినాయ్, 1842 - ది కాన్వెంట్ ఆఫ్ సెయింట్ కేథరిన్ ఇన్ ది డిస్టెన్స్'. ఇందులో మొదట గమనించవలసిన మాట 'ఫ్రాంక్'. పశ్చిమ ఐరోపావారిని తూర్పు మధ్యధరా ప్రాంతపు ప్రజలు పిలిచిన పేరిది. అరబ్బీ, పారశీక భాషల్లో రూపం మార్చుకొని భారతీయ భాషల్లోకి వచ్చిన ఈ మాటే తెలుగులో 'పరంగి' అయింది. 'ఫిరంగి' కూడా ఆ వంశానిదే. కాబట్టి ఈ శీర్షికను తెలుగులో 'సినాయి ఎడారిలో పరంగి విడిది' అనడం అనువాద సౌలభ్యం కోసం మాత్రమే కాదు. మూలంలోని దృక్కోణం కూడా అందులో నిలుస్తుంది. ఒక ఆంగ్లేయుడు సాటి ఆంగ్లేయుడిని చిత్రిస్తూ 'ఆంగ్లేయుల విడిది' అనక, అక్కడివారు పిలిచే పేరుతో పిలిచాడు. చూపు గుడారం లోపలి నుంచి కాక బయటి నుంచి మొదలైందని ఆ మాట చెబుతుంది.

శీర్షికతోపాటు ఇచ్చిన వివరణలో మరొక విశేషం ఉంది. చిత్రంలో ఒక ఆంగ్ల ప్రభువు, అతని పరివారం, దుబాసీ మహమూద్, గెబెల్ టోర్ షేక్ హుస్సేన్ రూపచిత్రాలు ఉన్నాయని లూయిస్ పేర్కొన్నాడు. ప్రభువుకు హోదా ఉంది గాని పేరు లేదు. దుబాసీకీ షేక్‌కూ పేర్లున్నాయి. ఆ ప్రభువు కాసిల్‌రే వైకౌంట్ బిరుదు గల ఫ్రెడరిక్ స్టూవర్ట్ అనీ, 1842 నాటి యాత్రను 1847లో 'ఎ జర్నీ టు డమాస్కస్' అనే గ్రంథంగా వెలువరించినవాడనీ కళాచరిత్రకారులు గుర్తించారు. ఉన్నత వంశీయుల పేర్లు మర్యాదకోసం దాచడం ఆనాటి అలవాటే కావచ్చు. అయినా ఫలితం ఆసక్తికరం. సాధారణంగా ఇటువంటి చిత్రాలలో పేరులేని 'అరబ్బు'గా మిగిలిపోయే మనిషి ఇక్కడ వ్యక్తిగా నమోదయ్యాడు.

4. చిత్రవస్తువు - కూర్పు:

చిత్రం అడ్డంగా సాగిన దీర్ఘచతురస్రం. వెడల్పు ఒక మీటరుకు మించే ఉంటుంది. నీటిరంగుల చిత్రానికి ఇది చిన్న కొలత కాదు. గుడారం నీడలో తూర్పుదేశపు దుస్తులు ధరించిన ప్రభువు మెత్తల మీద ఒరిగి ఉన్నాడు. అతని చుట్టూ తివాచీలు, పుస్తకాలు, పటం, సీసా, ఆయుధాలు, వేటకుక్కలు. వేటాడి తెచ్చిన జంతువులు, పక్షులు ముందు నేలమీద పడి ఉన్నాయి. అతనికి ఎదురుగా షేక్ హుస్సేన్ నిలబడి ఉన్నాడు. మరొకవైపు ఒంటెలు, వాటి వెంట వచ్చిన బెడూయిన్ మనుషులు. వీటన్నిటి వెనుక, కొండ పాదాన, చిన్నదిగా మఠం.

ఈ కూర్పులో నిలువు, అడ్డం రేఖల మధ్య సంవాదం కనిపిస్తుంది. ప్రభువు దేహం అడ్డంగా సాగింది. షేక్ దేహం నిటారుగా లేచింది. వాడుక మర్యాద ప్రకారం కూర్చున్నవాడు యజమాని, నిలబడినవాడు సేవకుడు. కాని చిత్రభాషలో నిటారుగా నిలిచిన రూపానికే బలం ఎక్కువ. వెనుకనున్న కొండలు కూడా షేక్ నిలువుతనానికే తోడు నిలుస్తాయి. ఎడారి ప్రయాణానికి ఒంటెలను సమకూర్చేది, దారి చూపేది, ఇతర తెగల నుంచి రక్షణకు పూచీపడేది షేక్‌లే. యాత్రికులు వారితో ఒప్పందం చేసుకొని గాని కదలగలిగేవారు కారు. ఈ వాస్తవం దృష్టిలో ఉంచుకుంటే, నిలబడినవాడు ఆతిథేయి, ఒరిగినవాడు అతిథి. హోదా ఒకరిది, అధికారం మరొకరిది.

ప్రభువు పక్కన పరచిన వస్తువులు కూడా ఈ అర్థాన్నే బలపరుస్తాయి. పటం ఆ ప్రాంతాన్ని తెలుసుకున్నానని చెప్పే సాధనం. పుస్తకం దాని గురించి చదివానని చెబుతుంది. అయితే రెండూ నేలమీదే ఉన్నాయి. మఠం వైపు చూడాలంటే ప్రభువు లేచి తల తిప్పాలి. పేరున్న పుణ్యస్థలం కూతవేటు దూరంలో ఉండగా, అతను తన వెంట తెచ్చుకున్న ఇంటిలోనే ఉండిపోయాడు.

5. వర్ణవిధానం - సాదృశ్యం:

ఆంగ్ల నీటిరంగుల సంప్రదాయం పలుచని పూతల మీద ఆధారపడినది. కాగితపు తెలుపే వెలుగుగా పనిచేస్తుంది. లూయిస్ ఈ పద్ధతికి దూరంగా జరిగాడు. తెల్లరంగు కలిపిన దట్టమైన వర్ణాలను సన్నని కుంచెతో, అల్లికపనిలాగా, చిన్నచిన్న గీతలుగా పొదిగాడు. తివాచీలోని పోగు, కుక్క వెంట్రుక, ఎండలో రాయి గరుకుతనం విడివిడిగా తెలుస్తాయి. 1856 ప్రదర్శనను సమీక్షించిన జాన్ రస్కిన్ ఈ చిత్రాన్ని ప్రపంచంలోని అద్భుత చిత్రాలలో ఒకటిగా ఎంచాడు. ఒంటె కంటిరెప్పల కింద ఉన్న పనితనమే ఇతర చిత్రకారులు మొత్తం తలకు పెట్టే పనితనానికి సమానమని ప్రశంసించాడు. జంతుచిత్రకారుడిగా లూయిస్ పొందిన తొలి శిక్షణ ఆ కంటిలో కనిపిస్తుంది.

కామసూత్రాలకు జయమంగళ వ్యాఖ్య రాసిన యశోధరుడు చిత్రానికి ఆరు అంగాలను చెప్పాడు: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. భారతీయ చిత్రకళ కోసం ఏర్పడిన ఈ కొలమానాన్ని ఆంగ్ల చిత్రానికి యథాతథంగా అన్వయించడం సరికాదు. అయినా ప్రశ్నను స్పష్టం చేసుకోవడానికి ఇది ఉపకరిస్తుంది. సాదృశ్యం, వర్ణికాభంగం విషయంలో లూయిస్‌కు సాటి అరుదు. రస్కిన్ మెచ్చుకున్నవి ఈ రెండు అంగాలనే. కాని సాదృశ్యం అన్ని వస్తువులకూ సమానంగా దక్కితే చూపు ఎక్కడ ఆగాలి? సీసా మీది మెరుపుకూ షేక్ ముఖానికీ ఒకే శ్రద్ధ లభిస్తే, ఏది ప్రధానమో భావం ఎలా తేలుస్తుంది?

దీనికి సమాధానం ప్రమాణంలో ఉంది. లూయిస్ వస్తువుల మధ్య తారతమ్యాన్ని పనితనంతో చూపలేదు, ఎడంతో చూపాడు. దగ్గరున్నవన్నీ సమానంగా, దాదాపు విసుగుపుట్టేంత స్పష్టంగా ఉన్నాయి. దూరానున్న మఠం మాత్రం పరిమాణంలో తగ్గి, ఈ వస్తుసముదాయం నుంచి తప్పుకుంది. తివాచీలో ప్రతి పోగు తెలిసిన ప్రేక్షకుడికి మఠం లోపల ఏముందో తెలియదు. చూపుకు దొరికినది కొనదగినది, మోయదగినది. దొరకనిది మఠం.

6. ప్రాంగణంలోకి వెళ్లినవారు:

లూయిస్ నిర్ణయంలోని విశిష్టత పోలికతో తేటపడుతుంది. స్కాట్లండుకు చెందిన డేవిడ్ రాబర్ట్స్ (1796-1864) 1839 ఫిబ్రవరిలో ఇదే మఠానికి వచ్చాడు. మఠాన్ని వెలుపలి నుంచే కాక ప్రధాన ప్రాంగణాన్నీ, చర్చి లోపలిభాగాన్నీ కూడా చిత్రించాడు. లూయీ హేగ్ వాటిని శిలాముద్రణకు సిద్ధం చేయగా, 1842-1849 మధ్య ప్రచురణకర్త ఎఫ్.జి. మూన్ సంపుటాలుగా వెలువరించాడు. రాబర్ట్స్ జీవితం నాటకశాలల్లో తెరలు చిత్రించడంతో మొదలైంది. అతని చిత్రాలలో కట్టడాలు రంగస్థలంలా అమరుతాయి. మనుషులు ఆ కట్టడాల ఎత్తును తెలిపే కొలబద్దలుగా ఉంటారు. ప్రేక్షకుడికి అక్కడ అడ్డులేదు. తాడు పట్టుకొని గోడ ఎక్కవలసిన శ్రమ లేకుండా, పుట తిప్పితే చాలు ప్రాంగణం ముందుంటుంది.

డాక్యుమెంటుగా రాబర్ట్స్ చిత్రాల విలువ కాదనలేనిది. మఠానికి ఇప్పుడు గుర్తుగా నిలిచిన గంటగోపురం 1871లో కట్టినది. అంతకుముందరి రూపాన్ని తెలుసుకోవడానికి ఇటువంటి చిత్రాలే ఆధారం. అయితే లోపలికి వెళ్లిన చూపు ఎప్పుడూ అమాయకమైనది కాదని ఆ దశాబ్దాల చరిత్రే చెబుతుంది. 1844లో మఠానికి వచ్చిన జర్మన్ పండితుడు టిషెన్‌డోర్ఫ్, నాలుగో శతాబ్దపు గ్రీకు బైబిల్ ప్రతిలోని 43 పత్రాలను లైప్‌జిగ్‌కు తరలించాడు. 1859లో మళ్లీ వచ్చి ఆ గ్రంథంలో అధికభాగాన్ని రష్యాకు చేర్చాడు. అది ఏ షరతుల మీద మఠం దాటిందన్న వివాదం నేటికీ పూర్తిగా సమసిపోలేదు. లూయిస్ చిత్రం ఈ రెండు రాకల మధ్య వెలువడింది. చిత్రం గీయడం, గ్రంథం తీసుకుపోవడం ఒకటి కావు. కాని లోపలిది బయటివారికి అందుబాటులో ఉండాలన్న భావన రెండింటికీ పునాది. లూయిస్ చిత్రం ఆ భావనను అంగీకరించలేదు.

7. రసదృష్టి:

విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో పుణ్యాశ్రమాలు, తీర్థాలు, రమ్యవనాలు మొదలైనవాటిని శాంతరసానికి ఉద్దీపన విభావాలుగా చెప్పాడు. ఎడారి, కొండ, సన్యాసుల మఠం ఒకచోట కలిసిన దృశ్యం సహజంగా శాంతాన్ని ఉద్దీపింపజేయాలి. ఇక్కడ అలా జరగదు. ఉద్దీపనం కంటికి కనిపిస్తూనే దూరంలో ఉండిపోయింది. ఆశ్రయమైన వ్యక్తి దానిని గమనించే స్థితిలో లేడు. వేటసామగ్రి, పానీయాలు, మెత్తలు అతన్ని చుట్టుముట్టాయి. వైరాగ్యస్థలం ముంగిట భోగసామగ్రి పరచడంలో ఉన్న అనౌచిత్యమే ఈ చిత్రంలో హాస్యచ్ఛాయకు మూలం. ఔచిత్యభంగం చిత్రకారుడి పొరపాటు కాదు, పాత్ర లక్షణం. ప్రభువు అనుచితంగా ఉన్నాడని చెప్పడానికి చిత్రం అతన్ని ఉచితంగా, ఎంతో అందంగా చిత్రించింది.

ఈ హాస్యం కటువైనది కాదు. లూయిస్ కూడా పదేళ్లు తూర్పు దుస్తులు ధరించి బతికినవాడే. ప్రభువు వేషాన్ని చూసి నవ్వే హక్కు అతనికి పాక్షికంగానే ఉంది. అందుకే చిత్రంలో ఎత్తిపొడుపు కంటే ఓర్పు ఎక్కువ. కనిపించినదంతా నమోదుచేసి, తీర్పును ప్రేక్షకుడికి వదిలివేయడం ఈ చిత్రంలోని ధ్వని.

8. ప్రాచ్యవాద విమర్శ వెలుగులో:

ఎడ్వర్డ్ సయీద్ 1978 నాటి 'ఓరియంటలిజం' తరువాత ఇటువంటి చిత్రాలను కేవలం పనితనం కోసం మెచ్చుకోవడం సాధ్యం కాలేదు. కళాచరిత్రకారిణి లిండా నోక్లిన్ 1983లో రాసిన వ్యాసంలో రెండు ముఖ్యమైన అభ్యంతరాలు లేవనెత్తింది. ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ వంటివారి అతిసూక్ష్మ వివరణ, అది కల్పన కాదు యథార్థమేనన్న భ్రమను కలిగిస్తుందన్నది ఒకటి. ఆ చిత్రాలలో పాశ్చాత్యుడు కనిపించడనీ, కనిపించకుండానే చూపంతా అతనిదై ఉంటుందనీ రెండోది.

లూయిస్ చిత్రానికి మొదటి అభ్యంతరం కొంతవరకు వర్తిస్తుంది. రెండోది వర్తించదు. ఇక్కడ పాశ్చాత్యుడు అదృశ్యుడు కాదు. అతనే చిత్రవస్తువు. ప్రేక్షకుడు అతనితో కలిసి ఎడారిని చూడడు, ఎడారిలో అతన్ని చూస్తాడు. సూక్ష్మ వివరణ కూడా అతని సామానుకే ఎక్కువగా దక్కింది. కాబట్టి దీనిని ప్రాచ్యదేశ చిత్రం అనడం కంటే, ప్రాచ్యదేశంలో పాశ్చాత్యుని చిత్రం అనడం సమంజసం.

అంతమాత్రాన చిత్రం నిర్దోషమని తేల్చలేం. ఈ ఎదురుచూపు వల్ల గౌరవం పొందినవాడు షేక్ హుస్సేన్. మఠానికి మాత్రం ఆ గౌరవం దక్కలేదు. ఆర్థడాక్స్ సన్యాసులు గాని, తరతరాలుగా మఠాన్ని అంటిపెట్టుకొని పనిచేసిన జబాలియా తెగవారు గాని చిత్రవివరణలో పేరుతో కనిపించరు. శతాబ్దాలుగా చర్చి, మసీదు ఒకే ఆవరణలో నిలిచిన విశేషాన్ని చెప్పడానికి ఈ చిత్రంలో చోటే లేదు. ప్రాంగణాన్ని చూపకపోవడం చొరబాటును నిరాకరించడమని ప్రశంసిస్తే, అదే నిరాకరణ అక్కడి మనుషులను నేపథ్యంగా మార్చిందని కూడా ఒప్పుకోవాలి. ఈ రెండూ ఒకే నిర్ణయానికి ఉన్న రెండు ముఖాలు.

9. ప్రాంగణం ఉన్న మరో చిత్రం:

లూయిస్ 1858లో నీటిరంగుల సంఘాన్ని వదిలి తైలవర్ణాలకు మారాడు. నీటిరంగులలో పడే శ్రమకు తగిన వెల రాకపోవడం అందుకు ఒక ప్రధాన కారణం. 1864లో రాయల్ అకాడమీలో అతను ప్రదర్శించిన తైలవర్ణచిత్రం కైరోలోని కాప్టిక్ మతగురువు ఇంటి ప్రాంగణానికి సంబంధించినది. దీని చిన్న పరిమాణపు రూపం లండన్ టేట్ సేకరణలో ఉంది. ఇందులో నీటితొట్టి, పావురాలు, చెట్టునీడ, రాకపోకలు సాగించే మనుషులు ఉన్నారు. మతగురువు తన లేఖకుడికి ఒక ఉత్తరం చెప్పి రాయిస్తున్నాడు. ఆ ఉత్తరం చేరవలసింది ఎడారిలోని ఒక మఠానికి.

ఎనిమిదేళ్ల ఎడంలో వచ్చిన ఈ రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచితే ఒక పొందిక కనిపిస్తుంది. మొదటిదానిలో మఠం ఉంది, ప్రాంగణం లేదు. రెండోదానిలో ప్రాంగణం ఉంది, మఠం లేదు. మొదటిదానిలో మఠం ముంగిటికి వచ్చినవాడికి దానితో పనిలేదు. రెండోదానిలో కైరోలో కూర్చున్నవాడు మఠంతో మాట్లాడుతున్నాడు. భౌతికమైన దూరం, సంబంధంలోని దూరం వేరువేరని ఈ జంట నిరూపిస్తుంది. కైరో ప్రాంగణానికి లూయిస్ నివసించిన ఇల్లే ఆధారమని పరిశోధకులు భావిస్తారు. అంటే అతను బతికిన ప్రాంగణాన్ని లోపలినుంచి చూపాడు. అతిథిగా చేరిన మఠాన్ని గోడ బయటినుంచే చూపాడు.

10. ముగింపు:

లూయిస్ సినాయి చిత్రాన్ని ఇంతకాలం ప్రధానంగా పనితనానికి గీటురాయిగా చూశారు. రస్కిన్ ప్రశంస ఆ దృష్టికి బలమిచ్చింది. అయితే ఈ చిత్రంలోని ఆలోచన కుంచెపనిలో కంటే, వస్తువులను ఉంచిన ఎడంలో ఉందని ఈ పరిశీలన వల్ల తేలింది. 'పరంగి' అన్న పేరు, పేర్లతో నమోదైన షేక్, దుబాసీ, నిటారుగా నిలిచిన ఆతిథేయి, కొండ పాదాన చిన్నదైన మఠం ఒకే దిశలో పనిచేస్తాయి. ఒక స్థలానికి చేరుకోవడం, దానిని తెలుసుకోవడం ఒకటి కావని అవి చెబుతాయి.

ఈ ఎరుకకు హద్దు కూడా ఉంది. యాత్రికుడి అజ్ఞానాన్ని చూపిన చిత్రం, మఠవాసుల జ్ఞానాన్ని చూపలేకపోయింది. దానికి ప్రాంగణంలోని మనుషుల చేతులతో గీసిన చిత్రాలు, వారు రాసుకున్న పత్రాలు కావాలి. పందొమ్మిదో శతాబ్దపు యాత్రాచిత్రాలను అధ్యయనం చేసేవారు, చిత్రంలో ఏముందన్న ప్రశ్నతో ఆగక, చిత్రకారుడు ఏ గడపవద్ద ఆగాడో, ఆ గడప ఎవరిదో కూడా పరిశీలించవలసి ఉంది. ప్రాంగణం కనిపించని ఈ మఠచిత్రం ఆ పరిశీలనకు తగిన మొదటి పాఠం.